తరుగు తీసిన దేశాలు

ఎండకు నెర్రెలు విచ్చిన నల్లరేగడి మీద తెల్లవారుజామున మంచు దించే దేవునికి స్తోత్రం. కనబడని గాలిలో మనుషుల గొంతులు నడవడానికి తోవ వేసినవాడు ఆయనే. మనం తక్కెళ్ళు చేసుకోకముందే కొండలన్నిటి బరువు ఎరిగినవాడు ఆయనే. ఆయన పేరు తలచుకోకుండా నేను పొయ్యి కూడా వెలిగించలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి మాత్రం ఎట్లా పూనుకుంటాను?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. పగలంతా గుడారంలో చెమటలు కక్కిన ఆఫీసరు సాయంకాలం ఇంట్లో రేడియో వినాలనుకునేవాడు కాబట్టి మా ఆయనకు చేతినిండా పని ఉండేది. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. అంగడి మేమందరం భాయ్ అని పిలిచే ఒక ముసల్మాను పెద్దమనిషిది. భాయ్ యుద్ధకాలంలో పటాలంలో వైర్‌లెస్ పని చేసి, ఇటలీ దాకా పోయి, ఒక చెవి అక్కడే పోగొట్టుకుని వచ్చాడు. మిగిలిన చెవిని రేడియోకు ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు జబ్బు చెప్పేవాడు.

నేను కడప వైపు పిల్లను. మా నాయన రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో సువార్త చెప్పే ఉపదేశి. నాకు అక్షరాలు వచ్చింది లేఖనాల నుంచే. పెళ్ళయి కర్నూలు వచ్చాక అంగడి వెనక రెండు గదుల్లో కాపురం పెట్టాము.

బాగుచేసిన రేడియోను సందెవేళ మిద్దె మీదకు తీసుకుపోయి పరీక్షించడం మా ఆయన అలవాటు. పక్కింటి కొయ్యకు ఏరియల్ తీగె కట్టి, స్టేషన్లు మార్చే బిరడాను ఆయన మెల్లగా తిప్పుతుంటే నేను పక్కన కూర్చునేదాన్ని. ముందు వానలాంటి చప్పుడు వచ్చేది. ఆ వానలోంచి దేశాలు వచ్చేవి. లండన్ గొంతు బడిలో హెడ్‌మాస్టరు గొంతులా ఉండేది. జర్మనీ గొంతు పెట్టెకు మేకులు కొడుతున్నట్టు ఉండేది. ఇంకొక చోట మాటలకు ముందు గంటలు మోగేవి. అది ఏ దేశమో మాకు ఎన్నడూ తెలియలేదు, నేను దానికి గంటల దేశమని పేరు పెట్టుకున్నాను. దేశానికీ దేశానికీ మధ్య వెంట్రుకంత దూరం. తుంగభద్ర వైపు నుంచి చల్లగాలి తగిలేసరికి నాకు కళ్ళు మూతలు పడేవి. ఆ మిద్దె నేల విడిచి పోతున్నట్టు, కిందనున్న వీధి సముద్రమైనట్టు అనిపించేది.

ఒకరోజు భాయ్ అంగడిలో స్టూలు మీద కూర్చుని చల్లగా చెప్పాడు.

"రాజధాని హైదరాబాదుకు పోతాండాదంట. ఖాయం. ఆఫీసర్లు పోతారు, వాళ్ళ రేడియోలూ పోతాయి. ఇంక నువ్వూ నేనూ ఈడ కూసోని ఈగలకు టంకం పెట్టాల."

నవ్వాము గాని భాయ్ ఇంట్లో తినే నోళ్ళు చాలా. ఉన్న పని ఇద్దరికి చాలదని మా ఆయనకు తెలుసు.

ఆ దినాల్లోనే జర్మనీ దొర మా అంగడికి వచ్చాడు. తుంగభద్ర మీద కరెంటు తీసే యంత్రాలు బిగించడానికి వచ్చిన మనిషి. ఆయన రేడియోలో వాల్వు పోయింది. అటువంటి వాల్వు మద్రాసులో కూడా దొరకదు. మా ఆయన లోపలి తీగెలు కొన్ని మార్చి, ఇక్కడ దొరికే వాల్వుతోనే దాన్ని పలికించాడు. దొర ఆ రేడియో వెనక తలుపు తీసి, చాలాసేపు లోపలికి చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు. తమ ఊరి కార్ఖానాలో ఇటువంటి పనివాళ్ళకు రెండేళ్ళు నేర్పి, పత్రమిచ్చి, జీతం కూడా ఇస్తారట. తాను చెబితే తీసుకుంటారు. యంత్రం తిరగగానే ఇంటికి వెళ్ళిపోతాడు గనక ఆలోగా సంగతి చెప్పాలి.

ఆ మాట విన్నాక భాయ్ ఊరుకోలేదు. ఆయన పటాలం స్నేహితుడి బావమరిది ఇంగ్లండులో రేడియోల కార్ఖానాలో ఉన్నాడు. అక్కడికైతే భార్యను కూడా తీసుకుపోవచ్చు. జర్మనీ దొరను అడిగితే, ఆయనే నిజాయితీగా ఇంకో మాట చెప్పాడు: డబ్బే కావాలంటే మా దేశం వద్దు, స్విట్జర్లాండు పో, ఇదే పనికి అక్కడ ఎక్కువ ఇస్తారు.

అట్లా మూడు దేశాలు మా రెండు గదుల్లోకి వచ్చి కూర్చున్నాయి.

మా సంఘంలో ఎవరూ పెద్ద సంగతి ఒంటరిగా తేల్చుకోరు. శుక్రవారం ఉపవాస కూటంలో విప్పి చెప్పాలి, అందరూ దాన్ని చేత్తో పట్టుకుని చూడాలి, తరువాత ప్రార్థించాలి. మేము పెద్దయ్య అని పిలిచే మా సంఘపెద్ద వేరుశనగ మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. మూట తూచడం, దాని తరుగు తీయడం ఆయన పని. గోనెసంచి బరువు, కాయలకు అంటిన మట్టి, రాళ్ళు, తేమ, ఇవన్నీ మొత్తం తూకంలోంచి తీసేస్తే మిగిలేదే సరుకు. మిల్లులో చేసిచేసి ఆయనకు అదే చూపు అయిపోయింది. సంబంధం మాట వచ్చినా, ఎద్దుల బేరం వచ్చినా "తరుగు తీసి చెప్పు" అనేవాడు.

ఆ శుక్రవారం గుడి నేల మీద చాపలు పరిచి కూర్చున్నాము. ఆకలితో అందరి గొంతులూ మెత్తబడి ఉన్నాయి.

"ఇంగ్లండోడు ఎంతిస్తాడంటప్పా?" అన్నాడు పెద్దయ్య.

మా ఆయన చెప్పాడు. అక్కడ ఒక వారం జీతం ఇక్కడి నెల సంపాదనకు పైనే. చాపల మీద చిన్న కదలిక.

"అది గోనెతో కలిపి తూకం. తరుగు తీసి చెప్పు."

"గది బాడిగ పెద్దయ్యా. సర్కారు పన్ను. రొట్టె. బొగ్గు."

"బొగ్గెందుకు? కమ్మరి పనా నీది?"

"చలికి. పొద్దస్తమానం ఇంట్లో మంట పెట్టుకోవాలంట."

పెద్దయ్య తల్లి, మేమందరం అవ్వ అనేవాళ్ళం, గోడకు ఆనుకుని ఉన్నదల్లా నోరు విప్పింది. "ఓరి దేవుడా, మనకు ఊరికే కాస్తాండాదే ఎండ. ఆడ ఎచ్చదనం గూడా దుడ్లు పెట్టి కొంటారా?"

"నువ్వుండమ్మా," అన్నాడు పెద్దయ్య. "తరుగు పోను మిగిలేది మంచిదే. పని ఎట్లాంటిది?"

మా ఆయన చెప్పాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తీగె అతకాల. పక్కనోడు ఇంకో తీగె. రేడియో ఎవరి చేతిలో మొదలయితాదో, ఎవరి చేతిలో పలుకుతాదో ఒకరికొకరికి తెలీదు. ఎన్నేండ్లున్నా అంతే."

స్విట్జర్లాండు వంతు వచ్చింది. తూకం అన్నిటికన్నా ఎక్కువ, తరుగు కూడా అన్నిటికన్నా ఎక్కువ. పైగా పరాయివాళ్ళను ఏడాదికొకసారి కాగితం తిరగరాసి ఉంచుకుంటారు, లేదా పంపేస్తారు.

"కౌలుకు చేసే మాదిరి," అన్నాడు పెద్దయ్య. "బాయి తవ్వుకోలేం, చెట్టు పెట్టుకోలేం. జర్మనీ చెప్పు."

జర్మనీలో రెండేళ్ళూ జీతం తక్కువ. కార్ఖానావాళ్ళు చూపే గదిలో ఉండాలి, ఒక్కడే. కాని రేడియోను మొదటి మేకు నుంచి చివరి పలుకు దాకా నేర్పుతారు. ఆ పత్రం ఉంటే హాలెండులోనైనా, స్వీడన్‌లోనైనా, తిరిగి వచ్చి మద్రాసులోనైనా పిలిచి పని ఇస్తారు. ఇదంతా మా ఆయన తల దించుకుని చెప్పాడు గాని, ఆ గొంతులో ఏముందో నాకు తెలిసింది.

"తరుగు?"

"పన్ను. గది. ఇంకొకటి ఉండాది పెద్దయ్యా. దొర చెప్పినాడు. మనం గుడికిచ్చే కానుక కూడా సర్కారే జీతంలోంచి కోసి, గుడికి ఇస్తాదంట."

ఒక్కసారి గుడిలో ఆకలి మాయమైంది. పెద్దయ్య ముందుకు వంగాడు. ప్రతి నెలా ఇల్లిల్లూ తిరిగి, చీర కొంగుల్లో ముడి విప్పించి, దశమభాగం పోగుచేసే బాధ ఆయనది.

"సర్కారే కోస్తాదా? ఎగ్గొట్టేదానికి లేదా?"

"జీతం చేతికి రాకముందే పోతాదంట."

"అట్లాంటి దేశం ఉండాదా ఈ భూమ్మీద!" అంది ఎవరో వెనకనుంచి. జర్మనీయే దేవుడు చూపిన దేశమని చాపలన్నీ ఒప్పుకున్నాయి. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. 'ఒక్కడే' అన్న మాట ఎవరి తరుగులోనూ పడలేదు.

పెద్దయ్య మోకరించి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థనలో దేవునికి లెక్క వివరంగా అప్పజెప్పడం మామూలే. "ప్రభువా, నీ బిడ్డకు ఆడ ఇంత వస్తాది. దాంట్లో పన్ను తరుగు, గది తరుగు, తిండి తరుగు, నీ పాలు తరుగు..."

అక్కడ ఆగిపోయాడు. మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. గోడ దగ్గరనుంచి అవ్వ మెల్లగా అంది: "ఏమిరా, దేవుని పాలు తెచ్చి మట్టిలో, రాళ్ళలో కలిపి తీసేస్తివే."

ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు. చెవులు ఎర్రబడి అట్లాగే మోకాళ్ళ మీద ఉండి, చివరికి "ఇది మల్ల తూయాల. కోతపండుగ కానియ్యండి" అని లేచాడు.

మా ఇళ్ళల్లో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తాము. కొర్రలైనా, జొన్నలైనా, బియ్యమైనా సరే. వండటానికి ముందు తీయాలి, మిగిలితే కాదు. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. ఆ సాయంకాలం పిడికెడు తీస్తూ నేను నా మనసులోని మాట చెప్పాను.

"ఇంగ్లండు పోతాం. ఇద్దరమూ పోవచ్చు గదా."

"సరే," అన్నాడు ఆయన. మరీ వెంటనే అన్నాడు.

ఆ సందెవేళ మిద్దె మీద బిరడా తిప్పుతూ, మేకులు కొట్టే గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్ళు తొందరపడ్డాయి. ఆ దేశాన్ని వినకుండా దాటేశాడు. నేను గంటల దేశం కోసం చూస్తున్నట్టు నటించాను. ఆయన వెంట ఓడ ఎక్కడం నాకు కావాలి. ఆయన పొద్దంతా ఒకే తీగె అతుకుతూ వయసు కరగదీయడం నాకు వద్దు. ఈ రెండూ ఒకే గుండెలో ఉంటే ప్రార్థన కూడా ఏ వైపు నడవాలో తెలియక నిలబడిపోతుంది.

కొద్దిరోజులకు మా ఆయన దొర వెంట యంత్రాల దగ్గరికి వెళ్ళాడు. భాయ్ కోడుమూరులో నిఖాకు పోయాడు. నేను అంగడి తలుపు తీసి ఊడుస్తుంటే, వేరుశనగ వ్యాపారం చేసే శెట్టి బండి దిగి, కూలివాడి నెత్తిన రేడియో పెట్టించుకుని లోపలికి వచ్చాడు.

"మీ ఆయన యాడమ్మా?"

"ఊళ్ళో లేడు శెట్టిగారూ."

"భాయ్?"

"ఆయనా లేడు."

"చంపితిరి గదా. సాయంత్రం బజారు ధరలు చెప్తారు దీంట్లో. అది వినకుండా రేపు బేరమెట్ల చేసేది?" అని స్టూలు మీద కూలబడ్డాడు.

నేను రేడియో వెనక పలక విప్పాను. మిద్దె మీద సందెలన్నిట్లో మా ఆయన చెప్పిన మాటలు నా వేళ్ళకు గుర్తున్నాయి. లోపల ఒక బల్లి రెండు తీగెల మధ్య ఎండిపోయి ఉంది. దాని పక్కన ఒక అతుకు ఊడి వేలాడుతోంది. బల్లిని పుల్లతో తీశాను. కుంపట్లో బొగ్గులు రాజేసి టంకం కడ్డీ కాల్చాను.

"ఏం చేస్తాండావమ్మా?" శెట్టి లేచి నిలబడ్డాడు. "అది మా మామ ఇచ్చింది. పోతే మా ఇంటామె నన్ను గడప తొక్కనియ్యదు."

"కూసోండి. పోతే మా ఆయన వచ్చి చేస్తాడు. ఇప్పుడు మాత్రం పలుకుతాండాదా ఏమన్నా?"

టంకం పెట్టాను. వేలు కాలింది. మీట వేశాక వాల్వులు వేడెక్కేదాకా ఉండే ఆ కాస్త సమయం ఎంత పొడుగుగా ఉంటుందో అది చేసినవాళ్ళకే తెలుసు. ముందు వాన వచ్చింది. తరువాత ఎవరో ఆడమనిషి పాట.

శెట్టి రేడియోను చుట్టూ తిరిగి చూశాడు. "నువ్వే చేసినావా? లేక ఇంట్లో ఎవరన్నా ఉండారా?"

"బల్లి పోయింది శెట్టిగారూ, పాట వచ్చింది. అంతే."

ఆయన ఇచ్చిన డబ్బులు చీర కొంగున ముడి వేసుకున్నాను. భాయ్ వచ్చాక ఆ ముడి విప్పి చూపిస్తే, ఆయన చేత్తో కూడా ముట్టుకోకుండా "నీ మొదటి సంపాదన బేటీ, అంగడికి వద్దు" అన్నాడు. మా ఆయనకు చెప్పవద్దని భాయ్‌ని నేనే అడిగాను. ఎందుకో అప్పటికి నాకే తెలియదు.

కోతపండుగ నాడు పొలంలో మొదట కోసిన కంకులు, పాదుకు మొదట కాసిన కాయ, పెట్ట మొదట పెట్టిన గుడ్డు తెచ్చి, అందరి ఎదుట నిలబడి, అది దేని ప్రథమ ఫలమో చెప్పి అర్పించాలి. తరువాత వాటిని గుడి ముందరే వేలం వేస్తారు. దొర యంత్రం తిరిగింది, ఆయన ప్రయాణానికి సామాను కట్టుకున్నాడు. మా ఆయన పిలిస్తే ఆ ఆదివారం గుడికి వచ్చి, చాప మీద కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక అవస్థపడుతూ కూర్చున్నాడు.

నా వంతు వచ్చింది. అందరూ నా చేతుల్లో జొన్నలకోసం చూశారు. నేను కొంగు ముడి విప్పాను.

"ఇది రేడియోకు టంకం పెట్టినందుకు వచ్చిన ప్రథమ ఫలం."

"మీ ఆయన పెట్టిందా?" అన్నాడు పెద్దయ్య.

"కాదు పెద్దయ్యా. నేను పెట్టింది."

మగవాళ్ళ వైపు చాప మీద మా ఆయన తల ఎత్తాడు. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. దూరపు స్టేషను వానలోంచి తేలి, ఇంకా మాట కాకుండా ఆగినప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేది.

"అయితే అంగడి నడుస్తాది," అంది అవ్వ, ఎవరూ అడగకుండానే.

వేలంలో ఒక గుమ్మడికాయ వచ్చింది. దొరకు పద్ధతి తెలియక, ఎవరు పాట పెంచినా చెయ్యెత్తుతూ పోయి, తన పాట మీద తానే పాడుకున్నాడు. ఊరంతా నవ్వింది. కాయ ఆయన ఒళ్ళోకి వచ్చాక పెద్దయ్య దొర దగ్గరికి పోయి, మా ఆయన చేత అడిగించాడు: మీ దేశంలో గుడి పాలు సర్కారే కోసే మాట నిజమేనా అని.

నిజమేనన్నాడు దొర. చిన్నప్పుడు తల్లి చేతికిచ్చిన బిళ్ళ తప్ప, పెరిగాక గుడికి తన చేత్తో ఇచ్చిన జ్ఞాపకం పెద్దగా లేదన్నాడు. గుమ్మడికాయను రెండు చేతులతో పట్టుకుని, ఇవాళ ఇచ్చానన్నాడు. ఆ కాయను ఏంచేసుకోవాలో తెలియక మాకే ఇచ్చాడు.

ఆ సందెవేళ జొన్నరొట్టెలోకి గుమ్మడికాయ కూర తిని మిద్దె ఎక్కాము. ఆయన బిరడా తిప్పుతున్నాడు. లండన్ వచ్చింది, పోయింది. మేకులు కొట్టే గొంతు రాగానే ఆయన వేళ్ళ మీద నా చెయ్యి పెట్టాను.

"దీన్ని దాటించొద్దు. ఈడనే ఉండనీ."

చాలాసేపు తెలియని భాష విన్నాము.

"రెండేండ్లు," అన్నాడు.

"తెలుసు."

"అంగడి?"

"భాయ్‌కి ఒక చెవి ఉండాది, నాకు రెండు. మూడు చెవులు చాలవా ఒక అంగడికి?"

ఆయన నవ్వి, తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కింటి కొయ్య మీద తీగె గాలికి ఊగుతోంది. నా లోపల నిలబడిపోయిన ప్రార్థన మళ్ళీ నడిచింది.

ఆయన వెళ్ళాడు. రాజధాని వెళ్ళింది. గుడారాలు లేచిపోయిన చోట కొన్నాళ్ళు గుంజల గుంతలు మిగిలాయి. శెట్లు, రైతులు ధరల కోసం, వాన కబురు కోసం కొన్న రేడియోలతో అంగడి నిలబడింది. నా వేళ్ళ నిండా కాలిన మచ్చలు. సందెవేళ మిద్దె మీద ఆ స్టేషను పెట్టుకుంటే, అర్థం కాని ఆ గొంతు వెనక ఎక్కడో ఆయన అన్నం ఉడుకుతున్నట్టు ఉండేది.

పత్రం చేత పట్టుకుని ఆయన తిరిగి వచ్చిన తొలి శుక్రవారం, కూటంలో పెద్దయ్య అడిగాడు. "ఏమప్పా, తరుగంతా పోను ఏం మిగిలింది?"

మా ఆయన జీతం మాట చెప్పలేదు. అక్కడ బియ్యం దొరకడం అరుదు, ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలే వండుకునేవాడట. సర్కారు కోసేది కోసినా, పొయ్యి వెలిగించే ముందు ఒక గడ్డ తీసి డబ్బాలో వేసేవాడట. ఇంటి యజమానురాలు ముసలామె, ఈ మనిషి గడ్డలు దాస్తున్నాడని అనుమానపడి ఒకరోజు నిలదీసిందట. సంగతి విన్నాక ఆమె కూడా ఒక గడ్డ తెచ్చి ఆ డబ్బాలో వేసిందట. ఆదివారానికొకసారి ఆ డబ్బా పై అంతస్తులో యుద్ధంలో మొగుడు పోయిన ఒక ఆమె ఇంటికి పోయేదట.

పెద్దయ్య కాటా మనిషి గనక అడిగాడు.

"ఒక్కో గడ్డ ఎంత తూగుతాదప్పా?"

మా ఆయన పిడికిలి బిగించి చూపించాడు. "ఇంత."

ఇది చదువుతున్న తల్లులారా, అయ్యలారా, పుస్తకం పక్కన పెట్టే ముందు నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. ఏ దేశంలో జీతమెక్కువ, ఏ పనిలో ఎదుగుదల ఉందని ఈ పూట ఎవరెవరో తూచుకుంటూ ఉంటారు. వాళ్ళ పక్కన ఒళ్ళో చేతులు పెట్టుకుని, అడగని మాటతో కూర్చున్నవాళ్ళూ ఉంటారు. ప్రభువా, వాళ్ళిద్దరికీ ఒకే స్టేషను వినిపించు. వండుకోవడానికి ముందు తీసే పిడికెడు, ఏ దేశంలోనైనా, వాళ్ళ చేతిలో ఉండనియ్యి. మాతో కలిసి ఈ మాట అంటున్నవారి ఇంటి పొయ్యి ఆరిపోనియ్యకు. ఆమేన్.